ఆగిన ప్రోగ్రామును మళ్లీ కదిలించేటప్పుడు డీబగ్గర్ ఏం చేస్తుంది?

అన్వేషి:

నేర్చుకోవడం కోసమే లినక్స్‌లో, ఎక్స్86-64 ప్రాసెసర్ మీద, సీ భాషలో ఒక చిన్న డీబగ్గర్ (నడిచే ప్రోగ్రామును ఆపి లోపల పరిశీలించే సాధనం) రాసుకుంటున్నాను. ఫోర్క్‌తో కొత్త ప్రాసెస్ పుట్టించి, ఆ చైల్డ్ ప్రాసెస్ చేత పీట్రేస్ (ఒక ప్రాసెస్ మరొకదానిని అదుపు చేసే లినక్స్ సదుపాయం) ట్రేస్‌మీ పిలిపించి, ఆ తరువాత ఎగ్జెక్‌తో పరిశీలించవలసిన ప్రోగ్రామును నడిపించి, అది ఆగిన కబురు కోసం పేరెంట్‌లో వెయిట్‌పిడ్ దగ్గర ఎదురుచూస్తున్నాను. బ్రేక్‌పాయింట్, అంటే ప్రోగ్రామ్ ఆగవలసిన గుర్తు, పెట్టవలసిన అడ్రసులో ఉన్న అసలు బైటును దాచుకుని, దాని స్థానంలో హెక్సాడెసిమల్ సీసీని, అంటే 204ను, రాస్తున్నాను. ప్రోగ్రామ్ సరిగ్గా అక్కడే ఆగుతోంది, రిజిస్టర్లు చదవడం కూడా కుదురుతోంది.

చిక్కంతా ఆగిన తరువాతే మొదలవుతోంది. ఏమీ మార్చకుండా, కొనసాగించే ఆదేశమైన పీట్రేస్ కాంట్ పిలిస్తే, బ్రేక్‌పాయింట్ పెట్టిన చోటును బట్టి ప్రోగ్రామ్ సెగ్మెంటేషన్ ఫాల్ట్‌తోనో, చెల్లని ఇన్‌స్ట్రక్షన్ అనే సిగ్నల్‌తోనో చనిపోతోంది. అసలు బైటును తిరిగి పెట్టి కాంట్ పిలిచినా అదే గతి పట్టింది. చివరకు, తరువాత అమలు కావలసిన ఇన్‌స్ట్రక్షన్ అడ్రసు ఉండే ఆర్‌ఐపీ రిజిస్టర్ నుండి 1 తీసివేస్తే ప్రోగ్రామ్ బతికింది గాని, లూపు మధ్యలో పెట్టిన బ్రేక్‌పాయింట్ మొదటిసారి మాత్రమే ఆగి, తరువాతి చుట్లలో అసలు ఆగడం లేదు. జీడీబీ అనే డీబగ్గర్‌లో అదే చోట ప్రతి చుట్టుకూ ఆగుతోంది. ‘కొనసాగించు’ అన్న ఒక్క ఆదేశం వెనుక జీడీబీ చేస్తున్నది, నేను చేయనిది ఏమిటో తెలియజేయగలరు.

నిదానం:

అన్వేషి గారూ, మీరు మూడు వంతుల దారి మీ అంతట మీరే వచ్చారు. సీసీ అనేది ఇంట్ 3 ఇన్‌స్ట్రక్షన్. ప్రాసెసర్ దానిని పూర్తిగా అమలు చేసిన తరువాతే కెర్నల్‌కు (ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగానికి) కబురు అందిస్తుంది కాబట్టి, ఆగే సమయానికి ఆర్‌ఐపీ ఆ బైటును దాటి ఒక అడుగు ముందుంటుంది. 1 తీసివేయకపోతే అసలు ఇన్‌స్ట్రక్షన్‌లోని రెండవ బైటు నుండి అమలు మొదలవుతుంది. ఆ బైటు దానంతట అది ఏ ఇన్‌స్ట్రక్షన్‌గా అర్థమవుతుందో ఎవరూ ముందుగా చెప్పలేరు. మీరు చూసిన రెండు రకాల చావులకూ కారణం అదే. ఇది ఎక్స్86 స్వభావం మాత్రమేనని గుర్తుంచుకోండి. 64 బిట్ల ఆర్మ్‌లో బీఆర్‌కే ఇన్‌స్ట్రక్షన్ దగ్గర ఆగినప్పుడు పీసీ (ఆర్‌ఐపీ వంటి రిజిస్టర్) దాని మీదే నిలుస్తుంది, అక్కడ తీసివేత అవసరం లేదు.

ఇక మిగిలిన వంతు. మీరు అసలు బైటును తిరిగి పెట్టి వదిలేశారు, అంటే బ్రేక్‌పాయింట్‌ను మీ చేతులతో మీరే తొలగించారు. తొలగించకుండా ముందుకు పోలేరు, ఎందుకంటే సీసీ అక్కడే ఉంటే అడుగు వేయగానే మళ్లీ దాని మీదే ఆగుతారు. కాబట్టి అసలు బైటును పెట్టి, పీట్రేస్ సింగిల్‌స్టెప్‌తో ఆ ఒక్క ఇన్‌స్ట్రక్షన్‌ను మాత్రం నడిపించి, వెయిట్‌పిడ్‌తో అది పూర్తయిందని నిర్ధారించుకుని, సీసీని మళ్లీ రాసి, అప్పుడు కాంట్ పిలవాలి. వాడుకరికి ఒక్క ఆదేశంగా కనిపించేది లోపల ఇన్ని పనుల వరుస.

ఒక జాగ్రత్త కూడా చెబుతాను. ‘ఇంతకు ముందు ఏ బ్రేక్‌పాయింట్ దగ్గర ఆగాము’ అన్నదాన్ని గుర్తుంచుకుని ఈ వరుస నడపకండి. కొనసాగించమన్న క్షణంలో ఆర్‌ఐపీ ఎక్కడ ఉందో చూసి, ఆ అడ్రసులో బ్రేక్‌పాయింట్ ఉంటేనే ఈ వరుస నడపండి. ఆగి ఉన్న సమయంలో వాడుకరి ఆర్‌ఐపీని వేరే చోటికి మార్చి ఉండవచ్చు, లేదా ఆగిన చోటనే కొత్త బ్రేక్‌పాయింట్ పెట్టి ఉండవచ్చు.

పాతకాపు:

నిదానం గారు చెప్పినదానికి కొంచెం వెనుకటి సంగతి చేరుస్తాను. ఎక్స్86లో ఇంట్ ఇన్‌స్ట్రక్షన్ సాధారణ రూపం రెండు బైట్లది. ఇంట్ 3కి మాత్రం 1978 నాటి 8086 నుండే ఒకే బైటున్న రూపం ఉంది. ఆ కుటుంబంలో అతి చిన్న ఇన్‌స్ట్రక్షన్ ఒక్క బైటే. బ్రేక్‌పాయింట్ రెండు బైట్లదైతే, ఒక బైటు ఇన్‌స్ట్రక్షన్ మీద పెట్టినప్పుడు పక్క ఇన్‌స్ట్రక్షన్ మొదటి బైటును కూడా చెరిపివేస్తుంది. వేరే చోటి నుండి ఎవరైనా ఆ పక్క ఇన్‌స్ట్రక్షన్‌కు నేరుగా గెంతితే బ్రేక్‌పాయింట్ తోకలో పడతారు. ఒక్క బైటు అనేది పొదుపు కోసం కాదు, ఆ ప్రమాదం తప్పించడం కోసం.

సింగిల్‌స్టెప్ కూడా కెర్నల్ కనిపెట్టిన మాయ కాదు. ఫ్లాగ్స్ రిజిస్టర్‌లో 8వ బిట్ ట్రాప్ ఫ్లాగ్. దానిని 1 చేసి వదిలితే ప్రాసెసర్ ఒక ఇన్‌స్ట్రక్షన్ పూర్తిచేసి తానే ఆగుతుంది. 32 బిట్ల ఆర్మ్ లినక్స్ వంటి చోట్ల ఈ సదుపాయాన్ని నమ్ముకోలేక, తరువాత అమలయ్యే ఇన్‌స్ట్రక్షన్ ఏదో డీబగ్గరే లెక్కగట్టి, అక్కడ తాత్కాలిక బ్రేక్‌పాయింట్ పెట్టి వదులుతుంది. అంటే బ్రాంచి ఇన్‌స్ట్రక్షన్ వచ్చినప్పుడల్లా దాని షరతు నిజమో కాదో డీబగ్గరే తేల్చుకోవాలి.

బిట్‌మాస్క్:

ఇంత అవస్థ ఎందుకో నాకు అర్థం కాలేదు. 80386 నుండి ప్రాసెసర్‌లోనే డీబగ్ రిజిస్టర్లు ఉన్నాయి. వాటిలో అడ్రసు రాస్తే కోడ్‌లో ఒక్క బైటు కూడా మార్చకుండా ప్రోగ్రామ్ ఆగుతుంది. బైటు దాచడం, తిరిగి పెట్టడం, ఆర్‌ఐపీ వెనక్కి జరపడం, ఇవన్నీ తప్పుతాయి.

నిదానం:

బిట్‌మాస్క్ గారూ, అడ్రసులు పెట్టుకోవడానికి ఉన్నవి డీఆర్0 నుండి డీఆర్3 వరకు నాలుగే. వాటిలోనే వేరియబుళ్ల మీద నిఘా పెట్టే వాచ్‌పాయింట్లు కూడా ఇమడాలి. అలా అని చిక్కు పూర్తిగా తీరదు కూడా. డీబగ్ రిజిస్టర్ ద్వారా పెట్టిన కోడ్ బ్రేక్‌పాయింట్ ఆ ఇన్‌స్ట్రక్షన్ అమలు కాకముందే ఆపుతుంది కాబట్టి, ఊరికే కొనసాగిస్తే అదే చోట మళ్లీ ఆగవలసి వస్తుంది. ఆ ఒక్కసారికి దానిని పట్టించుకోవద్దని ప్రాసెసర్‌కు చెప్పడానికే ఫ్లాగ్స్‌లో 16వ బిట్‌గా రిజ్యూమ్ ఫ్లాగ్ ఉంది, లినక్స్ కెర్నల్ దానిని మన తరఫున పెడుతుంది. ఆగిన చోటు నుండి కదలాలంటే ఆపిన కారణాన్ని ఒక్క అడుగు పాటు పక్కన పెట్టక తప్పదు. సాఫ్ట్‌వేర్‌లో ఆ పని మనం చేస్తాము, ఇక్కడ హార్డ్‌వేరూ కెర్నలూ చేస్తాయి.

వాచ్‌పాయింట్ల విషయంలో ఈ రిజిస్టర్లకు సాటి లేదని మాత్రం ఒప్పుకుంటాను. అవి లేకపోతే డీబగ్గర్ ప్రతి ఇన్‌స్ట్రక్షన్‌కూ సింగిల్‌స్టెప్ చేసి విలువ మారిందో లేదో చూడాలి, అప్పుడు ప్రోగ్రామ్ వందల రెట్లు నెమ్మదిస్తుంది.

అన్వేషి:

నిదానం గారికీ పాతకాపు గారికీ కృతజ్ఞతలు. మీరు చెప్పిన వరుస రాశాను, లూపులో ప్రతి చుట్టుకూ ఆగుతోంది. అదే ఉత్సాహంతో నాలుగు థ్రెడ్‌లు (ఒకే ప్రోగ్రామ్‌లో ఏకకాలంలో నడిచే అమలు ధారలు) ఒకే ఫంక్షన్‌ను పిలిచే ప్రోగ్రామ్ మీద ప్రయోగించాను. ఫంక్షన్ మొత్తం 4,000 సార్లు పిలవబడుతుందని ప్రోగ్రామే లెక్క చెబుతోంది. నా డీబగ్గర్ లెక్కలో మాత్రం ప్రతిసారీ అంతకన్నా తక్కువ వస్తోంది, అదీ ఒక్కొక్క పరుగులో ఒక్కొక్క సంఖ్య.

రెండోకన్ను:

లెక్క తగ్గడానికి కారణం మీరు ఇప్పుడే రాసిన వరుసలోనే ఉంది. థ్రెడ్‌లన్నీ ఒకే మెమరీని పంచుకుంటాయి. ఒక థ్రెడ్‌ను అడుగు వేయించడానికి మీరు సీసీని తీసి అసలు బైటు పెట్టిన ఆ చిన్న వ్యవధిలో, పరిగెత్తుతున్న మరో థ్రెడ్ అదే అడ్రసు మీదుగా ఆగకుండా దాటిపోతుంది. తలుపు ఒకరి కోసం తీస్తే ఇంకొకరు దూరిపోయినట్టు.

దీనికి రెండు దారులున్నాయి. మొదటిది, అడుగు వేసే థ్రెడ్ తప్ప మిగతావాటిని అన్నింటినీ ఆ వ్యవధిలో ఆపి ఉంచడం. పీట్రేస్‌లో ‘అందరూ ఆగండి’ అనే ఆదేశం లేదు. ప్రతి థ్రెడ్‌నూ విడివిడిగా ఆపి, ప్రతి ఒక్కటీ ఆగినట్టు వెయిట్‌పిడ్‌తో విడివిడిగా వినాలి. పాత పద్ధతిలో దీనికి ప్రతి థ్రెడ్‌కూ స్టాప్ సిగ్నల్ పంపేవారు, అది ప్రోగ్రామ్‌కు నిజంగా వచ్చిన స్టాప్ సిగ్నల్‌తో కలగాపులగం అయ్యేది. లినక్స్ 3.4లో పీట్రేస్ సీజ్, దానితో పాటు ఇంటరప్ట్ వచ్చిన తరువాత ఆ గందరగోళం తగ్గింది.

రెండవది, సీసీని అసలు కదిలించకపోవడం. అసలు ఇన్‌స్ట్రక్షన్ నకలును ఖాళీగా ఉన్న మరో చోట రాసి, థ్రెడ్ ఆర్‌ఐపీని అక్కడికి మార్చి, అక్కడే అడుగు వేయించి, ఫలితాన్ని సరిదిద్ది, అసలు చోటి తరువాతి ఇన్‌స్ట్రక్షన్‌కు తిరిగి తేవడం. జీడీబీలో దీనిని డిస్‌ప్లేస్డ్ స్టెప్పింగ్ అంటారు. వినడానికి ముచ్చటగా ఉంటుంది గాని, ఇన్‌స్ట్రక్షన్ ఆర్‌ఐపీకి సాపేక్షంగా డేటాను చదివేదైతే నకలు చోటి నుండి లెక్క తప్పుతుంది. కాల్ ఇన్‌స్ట్రక్షన్ అయితే స్టాక్ మీద నకలు చోటి రిటర్న్ అడ్రసు పడుతుంది. ఇటువంటివాటిని ఒక్కొక్కటిగా గుర్తించి సరిచేయాలి. మొదటి డీబగ్గర్‌కు మొదటి దారే మేలని నా అభిప్రాయం.

ఇంకొకటి. మీరు ఒక థ్రెడ్ ఆగిన సంగతి వాడుకరికి చెబుతున్న సమయానికి మరో థ్రెడ్ కూడా అదే సీసీ మీద పడి ఉండవచ్చు, ఆ కబురు మీరింకా వెయిట్‌పిడ్‌తో అందుకొని ఉండకపోవచ్చు. ఈ లోపు వాడుకరి ఆ బ్రేక్‌పాయింట్‌ను తొలగిస్తే, రెండవ థ్రెడ్ కబురు అందుకునే సమయానికి మీ పట్టికలో ఆ అడ్రసు ఉండదు. అప్పుడు ఆర్‌ఐపీని వెనక్కి జరపడం మరచిపోతారు, మొదటి రోజు చూసిన చావు మళ్లీ కనిపిస్తుంది. వెలికి తీయడానికి నాకు ఒక వారం పట్టిన తప్పు ఇది.

జావాజీవి:

పీట్రేస్ లోకం నాది కాదు, జావా వైపు నుండి ఒక మాట. అక్కడ డీబగ్గర్, జావా ప్రోగ్రామ్ మాట్లాడుకునే ప్రోటోకాల్ అయిన జేడీడబ్ల్యూపీలో ప్రతి థ్రెడ్‌కూ ‘ఎన్నిసార్లు ఆపబడింది’ అనే లెక్క ఉంటుంది. రెండుసార్లు ఆపిన థ్రెడ్‌ను ఒక్కసారి కొనసాగిస్తే లెక్క 1కి దిగుతుందే గాని థ్రెడ్ కదలదు. బ్రేక్‌పాయింట్ ఒకసారి అన్నింటినీ ఆపి, పైగా మన కోడ్ మరోసారి ఆపితే, బటన్ నొక్కినా ప్రోగ్రామ్ కదలడం లేదని తల పట్టుకోవలసిందే. విండోస్‌లోని సస్పెండ్‌థ్రెడ్, రిజ్యూమ్‌థ్రెడ్ కూడా ఇలాంటి లెక్క మీదే నడుస్తాయి.

అన్వేషి:

మిగతా థ్రెడ్‌లను ఆపే దారి ఎంచుకున్నాను, ఇప్పుడు లెక్క 4,000 వస్తోంది. తరువాత ‘నెక్స్ట్’ ఆదేశం రాశాను: సోర్స్ కోడ్‌లోని ప్రస్తుత పంక్తిలో ఉన్నంత సేపు సింగిల్‌స్టెప్ చేయడం, కాల్ ఇన్‌స్ట్రక్షన్ తగిలితే దాని తరువాతి అడ్రసులో తాత్కాలిక బ్రేక్‌పాయింట్ పెట్టి కొనసాగించడం. మామూలు ఫంక్షన్లకు బాగానే ఉంది. ఫాక్టోరియల్‌ను రికర్షన్‌తో, అంటే తనను తానే పిలుచుకుంటూ, లెక్కించే ఫంక్షన్ లోపల ‘నెక్స్ట్’ ఇస్తే మాత్రం ఆగిన చోట ఎన్ విలువ 5 ఉండవలసింది 1 కనిపిస్తోంది.

నిదానం:

మీరు అడ్రసును మాత్రమే చూస్తున్నారు, ఏ పిలుపులో ఉన్నారో చూడడం లేదు. ఎన్ 5 ఉన్న పిలుపు నుండి లోపలికి వెళ్లిన రికర్షన్ అట్టడుగున ఎన్ 1 దాకా దిగి, ఎన్ 2 ఉన్న పిలుపుకు తిరిగి వచ్చేటప్పుడే మీరు పెట్టిన అడ్రసును తాకుతుంది. అది అదే ఇన్‌స్ట్రక్షన్, అయితే మరొక పిలుపు.

మీకు 2 బదులు 1 కనిపించింది అంటే వేరే తప్పు కూడా కలిసి ఉండవచ్చు. ఎన్‌ను తగ్గిస్తూ పిలుస్తున్నారా, లేక స్టాక్ మీది స్థానాన్ని పాత ఫ్రేమ్ (ఒక పిలుపుకు స్టాక్‌లో దక్కే భాగం) ఆధారంగా చదువుతున్నారా అన్నది చూసుకోండి.

పరిష్కారం ఫ్రేమ్ గుర్తింపు. ‘నెక్స్ట్’ ఇచ్చిన క్షణంలోని స్టాక్ ఫ్రేమ్ స్థిరమైన అడ్రసును, కంపైలర్ డీబగ్గర్ కోసం ఉంచే డ్వార్ఫ్ సమాచారంలో సీఎఫ్‌ఏ అనేదానిని, దాచుకోండి. తాత్కాలిక బ్రేక్‌పాయింట్ తగిలినప్పుడు ప్రస్తుత ఫ్రేమ్ అదేనా అని పోల్చండి. ఎక్స్86లో స్టాక్ కిందికి పెరుగుతుంది కాబట్టి, ఇప్పటి సీఎఫ్‌ఏ దాచుకున్నదానికంటే చిన్నదైతే ఇంకా లోపలి పిలుపులోనే ఉన్నారని అర్థం; వాడుకరికి చెప్పకుండా బ్రేక్‌పాయింట్ దాటే వరుసను నడిపి మళ్లీ కొనసాగించండి. ఫంక్షన్ నుండి బయటికి వచ్చే ‘ఫినిష్’ కూడా ఇదే నియమం మీద నిలుస్తుంది.

పిలిచిన ఫంక్షన్ ఎప్పటికీ తిరిగి రాకపోవడం మరో గొడవ. అది లాంగ్‌జంప్‌తో మధ్య పిలుపులను వదిలి పాత చోటికి నేరుగా గెంతినా, సీ++లో ఎక్సెప్షన్ విసిరినా, మీరు కాపు కాసిన రిటర్న్ అడ్రసుకు రాకుండా మరెక్కడో తేలుతుంది, ‘నెక్స్ట్’ ఇచ్చిన ప్రోగ్రామ్ ఆగకుండా చివరిదాకా పరిగెత్తుతుంది. అందుకే జీడీబీ ‘నెక్స్ట్’ నడుస్తున్నంత సేపు లాంగ్‌జంప్ దగ్గరా, ఎక్సెప్షన్ స్టాక్‌ను విప్పే రన్‌టైమ్ కోడ్ దగ్గరా తానుగా రహస్య బ్రేక్‌పాయింట్లు పెట్టుకుంటుంది.

రెండోకన్ను:

‘నెక్స్ట్’ నడుస్తున్నప్పుడు మిగతా థ్రెడ్‌లను ఏం చేయాలన్నది కూడా అన్వేషి గారు ఇప్పుడే నిర్ణయించుకోవాలి. ఒక్క ఇన్‌స్ట్రక్షన్ పాటు వాటిని ఆపితే సాధారణంగా నష్టం లేదు. ఒక పూర్తి ఫంక్షన్ పిలుపు పాటు ఆపితే, ఆ ఫంక్షన్ ఎదురుచూసే లాక్ ఆగిన థ్రెడ్ చేతిలో ఉన్నప్పుడు, ప్రోగ్రామ్‌లో లేని డెడ్‌లాక్‌ను (ఎవరూ కదలలేని ప్రతిష్టంభనను) మీ డీబగ్గరే పుట్టిస్తుంది. జీడీబీలో షెడ్యూలర్ లాకింగ్ అనే అమరిక ఉన్నది ఈ ఎంపికను వాడుకరికే వదలడానికి. మామూలు నడకలో అది మిగతా థ్రెడ్‌లను పరిగెత్తనిస్తుంది, ‘ఆన్’ చేస్తే ప్రస్తుత థ్రెడ్ మాత్రమే కదులుతుంది.

అన్వేషి:

ఫ్రేమ్ పోలిక చేర్చాను, ఇప్పుడు ఎన్ 5 దగ్గరే ఆగుతోంది. నిదానం గారు అనుమానించినట్టే, వేరియబుల్‌ను, ఫ్రేమ్ స్థానాన్ని చూపే ఆర్‌బీపీ రిజిస్టర్ పాత విలువతో లెక్కగట్టి చదువుతున్నాను; ఆగిన ప్రతిసారీ రిజిస్టర్లను కొత్తగా తెచ్చుకోవడం మరచిపోయాను.

ఇప్పుడు ఇంకో వింత. సెకనుకొకసారి అలారం సిగ్నల్ అందుకుని ఒక అంకె ముద్రించే ప్రోగ్రామ్, నా డీబగ్గర్ కింద ఒక్క అంకె కూడా ముద్రించడం లేదు.

పాతకాపు:

మీరు ప్రతిసారీ కాంట్‌కు చివరి వాదంగా 0 ఇస్తున్నారని పందెం కాస్తాను. ప్రోగ్రామ్‌కు సిగ్నల్ రాగానే కెర్నల్ దానిని ముందుగా డీబగ్గర్‌కు చూపించి ఆపుతుంది. కొనసాగించేటప్పుడు ఆ చివరి స్థానంలో సిగ్నల్ సంఖ్య ఇస్తే అది ప్రోగ్రామ్‌కు చేరుతుంది, 0 ఇస్తే డీబగ్గర్ దానిని మింగేసినట్టే. బ్రేక్‌పాయింట్, సింగిల్‌స్టెప్ వల్ల వచ్చిన ట్రాప్ సిగ్నల్‌ను మింగాలి, అలారం వంటివాటిని అందించాలి. విండోస్‌లో ఇదే ప్రశ్న కంటిన్యూడీబగ్‌ఈవెంట్ పిలిచేటప్పుడు ఎదురవుతుంది: ఎక్సెప్షన్‌ను ‘నేను చూసుకున్నాను’ అంటారా, ‘నాది కాదు, ప్రోగ్రామే చూసుకోనివ్వండి’ అంటారా అని.

మరో మెలిక ఉంది. బ్రేక్‌పాయింట్ దాటడానికి వేసే అడుగుతో పాటే సిగ్నల్‌ను అందిస్తే, ఆ అడుగు అసలు ఇన్‌స్ట్రక్షన్ మీద పడదు, సిగ్నల్ హ్యాండ్లర్ మొదటి ఇన్‌స్ట్రక్షన్ దగ్గరకు తీసుకుపోతుంది. మీరు అడుగు పడిందనుకుని సీసీని తిరిగి రాస్తారు. హ్యాండ్లర్ ముగిసి తిరిగి వచ్చినప్పుడు అదే బ్రేక్‌పాయింట్ రెండవసారి తగులుతుంది, వాడుకరి లెక్క ఒకటి పెరుగుతుంది. అడుగు పూర్తయ్యేదాకా సిగ్నల్‌ను చేతిలో పట్టుకుని, కాంట్‌తో అందించడం తేలిక.

అన్వేషి:

పందెం మీదే, పాతకాపు గారూ. సిగ్నల్‌ను వెనక్కి పట్టి కాంట్‌తో అందించాను, అంకెలు ముద్రితమవుతున్నాయి.

చివరి సందేహం ఒకటి మిగిలింది. నడుస్తున్న ఒక సర్వర్ ప్రోగ్రామ్‌కు అటాచ్ అయి, ఆపి, ఏమీ ముట్టుకోకుండా కొనసాగించాను. అది, కనెక్షన్లలో కదలిక కోసం ఎదురుచూసే ఈపోల్ వెయిట్ విఫలమైందని లాగ్‌లో రాసి తనంతట తాను ముగిసిపోయింది. నేను ఒక్క బైటు కూడా మార్చలేదు.

నిదానం:

ఇది మీ తప్పు కాదు, సర్వర్ తప్పు. సిస్టమ్ కాల్‌లో (కెర్నల్‌ను పని అడిగే పిలుపులో) నిద్రిస్తున్న థ్రెడ్‌ను ఆపాలంటే కెర్నల్ దానిని ఆ కాల్ నుండి బయటికి తీయాలి. కొనసాగించినప్పుడు రీడ్ వంటి చాలా కాల్స్‌ను ప్రోగ్రామ్‌కు తెలియకుండా మళ్లీ మొదలుపెడుతుంది. ఈపోల్ వెయిట్ మాత్రం ఆ వర్గంలో లేదు. ప్రోగ్రామ్‌లో సిగ్నల్ హ్యాండ్లర్ ఏదీ లేకపోయినా, ఇలా ఆగి కదిలినప్పుడు అది ‘మధ్యలో అంతరాయం’ అనే ఈఇంటర్ తప్పుతో తిరిగి వస్తుంది. ఆ తప్పు వస్తే మళ్లీ పిలవవలసిన బాధ్యత ప్రోగ్రామ్ రాసినవారిది.

ఈ మళ్లీ మొదలుపెట్టే ఏర్పాటు మీ డీబగ్గర్‌నూ ఒకచోట కాటేస్తుంది. రీడ్‌లో ఆగిన థ్రెడ్ ఆర్‌ఐపీని మీరు వేరే ఫంక్షన్‌కు మార్చి కొనసాగిస్తే, కెర్నల్ ఇంకా ఆ కాల్‌ను మళ్లీ మొదలుపెట్టాలనే ఉద్దేశంతో మీరిచ్చిన ఆర్‌ఐపీ నుండి 2 తీసివేస్తుంది, ఎందుకంటే సిస్‌కాల్ ఇన్‌స్ట్రక్షన్ పొడవు రెండు బైట్లు. మీరు కోరిన చోటికి రెండు బైట్ల ముందు నుండి అమలు మొదలవుతుంది. దీనికి విరుగుడుగా జీడీబీ ఆర్‌ఐపీని మార్చినప్పుడల్లా సిస్టమ్ కాల్ సంఖ్యను కెర్నల్ దాచే ఒరిగ్ ఆర్‌ఏఎక్స్ అనే స్థానంలో మైనస్ 1 రాస్తుంది; ఈ థ్రెడ్ సిస్టమ్ కాల్‌లో లేదని కెర్నల్ అప్పుడు నమ్ముతుంది.

అన్వేషి:

నా ‘జంప్’ ఆదేశం ఇన్‌పుట్ కోసం ఆగిన ప్రోగ్రామ్‌లో మాత్రమే ఎందుకు విఫలమవుతోందో ఇప్పుడు అర్థమైంది; దాని గురించి వేరుగా అడుగుదామనుకుంటూనే ఉన్నాను. మైనస్ 1 రాసి చూశాను, కోరిన చోటి నుండే నడుస్తోంది. సర్వర్ రాసిన సహోద్యోగికి ఈఇంటర్ సంగతి తెలియజేస్తాను.